ఖాళీ తూటాలో మిగిలేదేమిటి?

1760 డిసెంబరు 31 రాత్రి. పుదుచ్చేరి పట్టణాన్ని నేలవైపు నుంచి అయిర్ కూట్ నాయకత్వాన ఆంగ్లేయుల సేన, సముద్రం వైపు నుంచి వారి నౌకలు ముట్టడించి ఉన్నాయి. లోపల ఫ్రెంచి సేనాని లాలీ, తిండిలేక నీరసించిన అతని సైనికులు. ఆ రాత్రి ఒక పెద్ద తుపాను విరుచుకుపడింది. తెల్లవారేసరికి, అంటే 1761 సంవత్సరాది నాటికి, ముట్టడిలో ఉన్న నౌకలు కొన్ని మునిగిపోయాయి. ఒడ్డున గుడారాలు చిరిగి ఎగిరిపోయాయి. గాలి ధాటికి తాళలేక సైనికులు తుపాకులు నేలమీద పడవేసి తలో దిక్కున తలదాచుకున్నారు. ఆరుబయట ఉన్న మందుగుండు అంతా తడిసి ఎందుకూ పనికిరాకుండా పోయింది. కోటలోంచి కొన్ని వందలమంది ఆ వేళ బయటకు దూకి ఉంటే ముట్టడి చెదిరిపోయేదని తరవాత చరిత్రకారులు రాశారు. ఎవరూ దూకలేదు. జనవరి 16న పుదుచ్చేరి లొంగిపోయింది.

ఈ వ్యాసానికి కావలసింది ఆ యుద్ధం కాదు, ఆ తడిసిన మందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరిన ఆ పొడిని అప్పట్లో కాగితపు పొట్లాలలో కట్టి ఉంచేవారు. పొట్లంలో ఒక్కసారి పేల్చడానికి సరిపడే మందు, దానితోపాటు ఒక సీసపు గుండు ఉండేవి. సైనికుడు కాగితాన్ని పంటితో చించి, చిటికెడు మందు తుపాకీ పళ్లెంలో వేసి, మిగిలినది గొట్టంలో పోసి, పైన గుండును కాగితంతో సహా కూరేవాడు. చెకుముకి రాయి నిప్పురవ్వ రాల్చేది. గుండ్లు అచ్చులో పోసుకోవడం, పొట్లాలు చుట్టుకోవడం సైన్యాలకు రోజువారీ పని. 1857లో సిపాయిల ఆగ్రహానికి ఒక కారణమైనది కూడా ఇలాంటి పొట్లం మీది కొవ్వు పూతే.

పొట్లం వాన తగిలితే పాడవుతుంది. మరి వాన తగలని పొట్లం చేయలేమా? ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చినదే నేటి లోహపు తూటా. ఆ జవాబుతోపాటు ఎవరూ అనుకోని సౌకర్యం ఒకటి వచ్చింది. కాగితం కాలిపోతుంది కాని లోహం మిగులుతుంది. మిగిలినదాన్ని మళ్ళీ నింపుకోవచ్చు. అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను చాలామంది గురికాళ్ళు ఇంటి షెడ్డులో ఒక బల్లకు చిన్న ప్రెస్ బిగించుకుని, పిస్తోలు తూటాలను తామే నింపుకుంటారు. ఆ బల్లమీద ఉండే ఒక్కొక్క పనిముట్టు వెనుక ఒక్కొక్క భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర పాఠం ఉంది. వాటిలో అన్నిటికంటె ఆసక్తికరమైన పాఠం మన దేశపు వానాకాలంలోనే బయటపడింది. దాని దగ్గరకు చివర్లో వద్దాం.

నాలుగు భాగాలు

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. అన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు, దాని అడుగున మధ్యలో చిన్న గిన్నెలా కూర్చున్న ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పిస్తోలు సుత్తి ప్రైమర్‌ను కొడుతుంది. దెబ్బకు అందులోని పదార్థం మండి, సన్నని రంధ్రం గుండా మందును అంటిస్తుంది. వాయువులు పుట్టి గుండును నెడతాయి. తూటా పేలాక గుండు పోతుంది, మందు పోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. తొడుగు మాత్రం నిలుస్తుంది. దీన్ని చేయడానికి పట్టే లోహమూ శ్రమా నాలుగింటిలోకీ ఎక్కువ కనుక, ఖరీదూ దానిదే ఎక్కువ. పారేయడానికి మనసొప్పకపోవడం సహజమే.

మందూ గుండూ ఒకే తొడుగులో ఇమిడిన తూటాకు తొలి రూపాలలో ఒకదానికి 1812లో పారిస్‌లో పౌలీ అనే స్విస్ కమ్మరి పేటెంటు తీసుకున్నాడు. 1830 దశకంలో లెఫోషూ దాన్ని వాడుకకు అనువుగా మార్చాడు. 1866లో ప్రైమర్‌ను కూర్చే పద్ధతులు రెండు వచ్చాయి. అమెరికావాడైన బెర్డాన్ పద్ధతిలో, దెబ్బకు ఆనుడుగా పనిచేసే చిన్న దిమ్మె తొడుగులోనే భాగం, దానికి అటూ ఇటూ రెండు రంధ్రాలు. ఆంగ్లేయుడైన బాక్సర్ పద్ధతిలో దిమ్మె ప్రైమర్‌లోనే ఉంటుంది, తొడుగుకు నట్టనడుమ ఒకే రంధ్రం. తమాషా ఏమిటంటే బెర్డాన్ పద్ధతి యూరపులో స్థిరపడింది, బాక్సర్ పద్ధతి అమెరికాలో. ఇంట్లో తూటాలు నింపే అలవాటు అమెరికాలో అంతగా పాకడానికి ఇదీ ఒక కారణమే. ఒకే రంధ్రం ఉంటే సన్నని ఉక్కు పుల్లను పైనుంచి దింపి చచ్చిన ప్రైమర్‌ను ఒక్క నొక్కుతో బయటకు నెట్టవచ్చు. రెండు రంధ్రాలకు ఆ వీలు లేదు.

ఎన్.సి.సి.లో ఉన్న విద్యార్థులకు ఒక సందేహం రావచ్చు. ఫైరింగ్ అయ్యాక ఖాళీ తొడుగులు ఏరి, లెక్కపెట్టి అప్పగించడం వారికి అలవాటే కదా, వాటినీ ఇలాగే నింపవచ్చునా అని. వీలు కాదు. కాడెట్లు పేల్చే .22 తూటాలో వేరే ప్రైమర్ ఉండదు. మండే పదార్థాన్ని తొడుగు అంచు మడతలోనే పూసి ఉంచుతారు. పేల్చినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది, దానితో తొడుగు పని సరి. ఇక 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో మందూ లేదు, తొడుగూ లేదు. అదిమిపెట్టిన గాలే గుండును నెడుతుంది.

చట్టం మాట ఇక్కడే చెప్పుకోవాలి. 1959 నాటి ఆయుధ చట్టం పుదుచ్చేరితో సహా మన దేశమంతటికీ వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, దానికి జైలు శిక్ష ఉంది. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తయారీ లైసెన్సు వేరు. అంతేకాదు, ఆ చట్టం 'అమ్యునిషన్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలూ, తూటాలు చేసే యంత్రాలూ కూడా ఉన్నాయి. అంటే బల్లమీద బిగించిన ఖాళీ ప్రెస్ సైతం చట్టం దృష్టిలో తూటాతో సమానమే. కనుక ఈ వ్యాసం ఆ పని ఎందుకు అలా జరుగుతుందో తెలుసుకోవడానికే గాని చేసి చూడడానికి కాదు. కొలతలు ఇవ్వకపోవడానికీ కారణం అదే.

బల్లమీది పనిముట్లు

ప్రెస్ అంటే పెద్ద విషయమేమీ కాదు. పొడవైన చేతిపిడి, దానికి కలిపిన తులాదండం, పైకీ కిందికీ కదిలే ఉక్కు స్తంభం. చెరకురసం బండివాడికి తెలిసిన సూత్రమే ఇది: దూరాన్ని వదులుకుంటే బలం వస్తుంది. స్తంభం మీద ఒక బిళ్ళలో ఖాళీ తొడుగును నిలబెడతారు. పైన మరలో బిగించిన గట్టి ఉక్కు అచ్చును డై అంటారు. పిడి దించితే తొడుగు పైకిలేచి డైలోకి దూరుతుంది.

ఎందుకు దూర్చాలి? పేలినప్పుడు తొడుగు ఉబ్బుతుంది కనుక. 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా లోపల పీడనం గరిష్ఠంగా సుమారు 2,300 వాతావరణ పీడనాల దాకా వెళ్ళవచ్చు. మన వంటింటి కుక్కర్ ఈల వేసేటప్పుడు లోపల ఉండే పీడనం బయటి గాలి పీడనానికి రెట్టింపు మాత్రమే. ఆ ఒత్తిడికి తొడుగు గోడ బయటకు సాగి, పిస్తోలు గొట్టం వెనుక గదికి అతుక్కుని, వాయువులు వెనక్కి రాకుండా బిరడా వేస్తుంది. పీడనం పడిపోగానే కొంచెం వెనక్కి ముడుచుకుని గోడను వదిలేయాలి, లేకపోతే బయటకు రాదు. సాగాలి, మళ్ళీ ముడవాలి. ఈ రెండు పనులూ చక్కగా చేసేది 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉన్న ఇత్తడి. ఉత్త రాగి బాగా సాగుతుంది కాని ముడవదు. 1870 దశకంలో అమెరికా సైన్యం వాడిన రాగి తొడుగులు వేడెక్కిన తుపాకులలో ఇరుక్కుపోతున్నాయన్న ఫిర్యాదులు అందుకే వచ్చాయి.

అయితే ఇత్తడి పూర్తిగా మొదటి కొలతకు ముడవదు. ఆ మిగిలిన ఉబ్బును డై నొక్కి సరిచేస్తుంది. పాత ఉక్కు డైలలో తొడుగు రాపిడికి ఇరుక్కోకుండా నూనె పూయవలసి వచ్చేది. ఇప్పుడు పిస్తోలు తొడుగుల డైలలో టంగ్‌స్టన్ కార్బైడ్ కట్టు వేస్తున్నారు. అది ఎంత గట్టిదీ నున్ననిదీ అంటే నూనె అవసరమే ఉండదు. రెండో డై తొడుగు మూతిని కాస్త విప్పుతుంది. మూడోది గుండును కూర్చోబెట్టి మూతిని అదుముతుంది.

ఇన్నిసార్లు వంచితే లోహానికి ఏమవుతుంది? ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరిచిన ప్రతివారికీ తెలుసు. స్ఫటికాలలో లోపాలు ఒకదానితో ఒకటి చిక్కుపడి లోహం గట్టిపడుతుంది, గట్టిపడ్డది పెళుసవుతుంది. పిస్తోలు తొడుగులు పదిసార్లు నింపినా ఆగేవి ఉన్నాయి. ఎన్నోసారికి ఏ తొడుగు మూతి చీలుతుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే ప్రతిసారీ ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూడడం, వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవు కొలవడం. ప్రయోగశాలలో విసుక్కుంటూ వాడే ఆ వెర్నియర్ ఇక్కడ ప్రాణరక్షణ పరికరం.

త్రాసు ఎందుకంత ముఖ్యం?

ఆ బల్లమీద నాకు అన్నిటికంటె గౌరవం కలిగించేది త్రాసు. పిస్తోలు తూటాలో పట్టే మందు సాధారణంగా అర గ్రాముకు లోపే. దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, పూర్వం ఒక ధాన్యపు గింజ బరువు. త్రాసు అందులో పదో వంతును, అంటే ఆరున్నర మిల్లీగ్రాములను పసిగట్టాలి. బంగారం కొట్టులో లాగే గాలి తగలకుండా ఉంచి తూస్తారు. అంత పట్టింపు ఎందుకు? మందు పది శాతం పెరిగితే పీడనమూ పది శాతమే పెరుగుతుంది కదా అనిపిస్తుంది. అలా జరగదు.

దీనికి కారణం తెలియాలంటే మళ్ళీ ఫ్రాన్సుకు వెళ్ళాలి. పాత తుపాకీ మందు మండితే సగానికి పైగా ఘనపదార్థంగానే, పొగగానూ మసిగానూ మిగులుతుంది. 1884లో పాల్ వియెయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజును ముద్దలా చేసి, పలుచని రేకులుగా సాగదీసి, దాదాపు పూర్తిగా వాయువుగా మారే మందును తయారుచేశాడు. పొగరాని మందు అంటే అదే. 1886 నాటి లెబెల్ తుపాకీతో అది ఫ్రెంచి సైన్యంలోకి వచ్చింది. మన దక్షిణాదిన నీలగిరులలోని అరువంకాడులో ఈ తరగతి మందు తయారీకి కార్డైట్ ఫ్యాక్టరీ 1903లో ఏర్పడింది. వియెయ్ కనుగొన్న రెండో సంగతి ఏమిటంటే, ఈ మందు రేకు ఎంత వేగంగా మండుతుందన్నది చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి ఉంటుంది. పీడనం పెరిగితే మంట వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే వాయువు ఇంకా త్వరగా పుడుతుంది, దానితో పీడనం ఇంకా పెరుగుతుంది. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ లాగన్నమాట. గుండు ముందుకు కదిలి చోటు ఇస్తుంది కాబట్టి ఈ చక్రవడ్డీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. మందు కాస్త ఎక్కువైనా, గుండు మరికాస్త లోపలికి దిగి చోటు తగ్గినా లెక్క తారుమారవుతుంది. పిస్తోలు మందు తొడుగులో కొంత భాగాన్నే నింపుతుంది కనుక పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లకుండా పట్టవచ్చు. చేతిలో పిస్తోలు పగిలిపోయిన ప్రమాదాలకు పేరుపడ్డ కారణాలలో ఇదొకటి. గుండు కూర్చోబెట్టే ముందు ప్రతి తొడుగులోకీ దీపం వేసి తొంగిచూడడం ఆ పని తెలిసినవారు ఎప్పుడూ మానరు.

ఉప్పు చేసిన పని

ప్రైమర్‌లోని రసాయనం కథ వేరు. 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ వర్ణించిన పాదరస ఫల్మినేట్ తొలి రోజుల ప్రైమర్లలో ముఖ్య పదార్థం. దెబ్బ తగిలితే చాలు మండుతుంది, కాని మండాక పాదరసం విడుదలవుతుంది. పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది. పాత మందు రోజుల్లో కుప్పలుగా మిగిలే మసి ఆ పాదరసాన్ని చాలావరకు మోసుకుపోయేది. పొగరాని మందు వచ్చాక మసి లేదు, తొడుగులు మాత్రం ఒకటి రెండుసార్లకే చీలడం మొదలైంది. అప్పుడు పొటాషియం క్లోరేట్ వైపు మళ్ళారు. తొడుగు బాగుపడింది, తుపాకీ గొట్టం పాడయింది. క్లోరేట్ మండితే పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ముసురు పట్టినప్పుడు ఉప్పుజాడీ ఎలా చెమ్మగిల్లుతుందో గొట్టంలోని ఈ ఉప్పూ అలాగే గాలిలోని తేమను లాగి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలి తగిలే పుదుచ్చేరి వంటి ఊళ్ళో కిటికీ ఊచలకు ఏమవుతుందో చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. 1920 దశకంలో జర్మనీలో సీసపు స్టిఫ్నేట్ ఆధారంగా తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాకనే ఈ బెడద తీరింది. సీసం మాత్రం మిగిలింది. వాడిన తొడుగుల మసిలో సీసపు ధూళి ఉంటుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంట్లో నింపేవారు ఆ బల్లను వంటింటికి దూరంగా పెట్టుకోవడానికి మొదటి కారణం మంటల భయం, రెండోది ఇదే.

గుర్రపుశాలలో పగిలిన తూటాలు

ఇక మొదట్లో చెప్పిన వానాకాలం పాఠం. లోహపు తొడుగు వచ్చాక వానకు మందు తడవడం తప్పింది. కాని బ్రిటిష్ సైన్యానికి భారతదేశంలో ఒక వింత ఎదురైంది. వానలు మొదలైతే సైనిక కార్యకలాపాలు తగ్గేవి. తూటాల పెట్టెలను పొడిగా ఉండే చోట, తరచుగా గుర్రపుశాలలలో, భద్రపరిచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే ఒక్కటైనా పేల్చకుండానే కొన్ని తొడుగులు నిలువునా పగిలి ఉండేవి. తుప్పు లేదు, ఉబ్బు లేదు, సన్నని పగులు మాత్రమే. ఎండలో ఆరిన పచ్చి కలప నెర్రెలిచ్చినట్లు ఉంది కనుక, అదీగాక ఒక రుతువులోనే జరుగుతుంది కనుక, దీనికి 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు పడింది.

కారణం బాగా ఆలస్యంగా, 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకుల వివరణతో తేలింది. దోషి గుర్రం. గుర్రపు మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మామూలు లవణాల గుణాత్మక విశ్లేషణలో రాగి లవణానికి అమ్మోనియా ద్రావణం ఎక్కువగా కలిపితే వచ్చే ముదురు నీలిరంగు విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. రాగి అయాను, నాలుగు అమ్మోనియా అణువులు కలిసి కరిగే సంశ్లిష్ట అయానుగా మారడమే ఆ రంగు. గుర్రపుశాలలో జరిగిందీ అదే. వానాకాలపు తేమ ఇత్తడి మీద కంటికి కనబడని నీటిపొరగా పట్టింది. అమ్మోనియా, గాలిలోని ఆక్సిజను అందులో కరిగాయి. ఇత్తడి రేణువుల మధ్య సందుల వెంట రాగి కరగసాగింది.

కాని ఒక్క అమ్మోనియా వల్లే అయితే తొడుగంతా సమానంగా అరిగి ఉండాలి కదా. పగలడానికి రెండో దోషి కావాలి. అది లోహంలోనే దాగి ఉంది. తొడుగును ఒక ఇత్తడి బిళ్ళ నుంచి పలుమార్లు సాగదీసి చేస్తారు. చివర మూతిని గుండు చుట్టూ అదుముతారు. ఈ పనిలో లోహపు పొరలలో కొన్ని సాగి, కొన్ని నొక్కుకుని, ఒకదాన్నొకటి లాగుతూ ఉండిపోతాయి. బయటినుంచి ఎవరూ లాగకపోయినా లోపల బిగువు ఉంటుంది. దీన్నే అవశేష ప్రతిబలం అంటారు. అమ్మోనియా సన్నని గాటు పెడుతుంది, బిగువు దాన్ని తెరుస్తుంది, తెరిచిన చోట తాజా లోహం అమ్మోనియాకు దొరుకుతుంది. ఒకటి లేకపోతే రెండోది ఏమీ చేయలేదు. ఒళ్ళు బిగువున్న తొడుగు శుభ్రమైన గాలిలో ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉంటుంది. బిగువు లేని తొడుగు గుర్రపుశాలలోనూ పగలదు.

మందు కూడా చవకే. తయారైన తొడుగును 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచితే గట్టిదనం పెద్దగా తగ్గకుండా లోపలి బిగువు సడలుతుంది. పాదరస నైట్రేట్ ద్రావణంలో ముంచి చూడడం దీనికి పరీక్ష. బిగువు మిగిలి ఉంటే కాసేపట్లోనే పగులు కనబడుతుంది. సైనిక తూటాల మెడ దగ్గర కొన్నిటిపై కనిపించే నీలి గోధుమరంగు చార మురికి కాదు, మెడను విడిగా కాచిన గుర్తు. ఇంట్లో తూటాలు నింపేవారికి అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్త ఒకటుంది: తొడుగులు తళతళలాడాలని అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ వాడవద్దు. మన ఇళ్ళలో దీపపు కుందెలు తోమే చింతపండు పులుపుకు ఆ దోషం లేదు. అది పైనున్న ఆక్సైడును కరిగించి ఊరుకుంటుంది.

అమ్మోనియాకూ ఇత్తడికీ ఉన్న ఈ వైరం తూటాలతో ఆగలేదు. సముద్రతీరపు ఊళ్ళలో చేపల రేవుల దగ్గర ఐసు ఫ్యాక్టరీలు ఉంటాయి. వాటిలో నీటిని గడ్డకట్టించే యంత్రాలు చాలావరకు అమ్మోనియాతో పనిచేస్తాయి. ఇంట్లో ఫ్రిజ్ వెనుక చూస్తే రాగి గొట్టాలు కనబడతాయి గాని, అమ్మోనియా యంత్రాలకు రాగిగానీ ఇత్తడిగానీ తగలనివ్వరు. గొట్టాలూ కవాటాలూ అన్నీ ఉక్కువే.